సమాధానం: చందా సొంత ఖాతాలో వేయించుకోకు తమ్ముడూ

శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు నుంచి చెన్నై, హైదరాబాద్ వలసపోయిన కూలీల పిల్లలు అయిదుగురికి కాలేజీ ఖర్చు సాయం చేద్దామని, దుబాయ్‌లోనూ అమెరికాలోనూ ఉన్న మనవాళ్లు పంపే డబ్బు నీ ఖాతాలోకి తెప్పించుకోవచ్చా అని కదా నీ ప్రశ్న.

వద్దు. రేపు ఎవరో ఒకరు "లెక్కేటి?" అంటారు. అప్పటికి నీ జీతం, చందా కలగాపులగం అయిపోయుంటాయి. ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు, దాని పేరునే ఖాతా తెరవండి.

అసలు చిక్కు అమెరికా డబ్బుతో. దుబాయ్‌లో పనిచేసేవాళ్లది మన పాస్‌పోర్టే కాబట్టి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు మాత్రం తీసి దాచు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ మావయ్య సోంపేటలోనే పుట్టినా సరే, ఆయనిచ్చేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా సంస్థ అది ముట్టకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కి మామూలుగా సంస్థ మూడేళ్లు నడిచి, 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. ఇప్పట్లో ఆ ఆశ వదిలేయ్.

వసూలుకి సంక్రాంతిని మించిన అదను లేదు, వలసెళ్లినోళ్లంతా ఊళ్లోనే ఉంటారు. అమ్మవారి సంబరాల చందా రాసే పెద్దమనిషి చేతికే ఈ చదువుల చందా పుస్తకం కూడా ఇవ్వు. ఆయన అడిగితే కాదనలేరు, నువ్వడిగితే "చూద్దాంలే" అంటారు!

ఇంకోటి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హులైన గుంటల చేత ముందు దానికి దరఖాస్తు పెట్టించు. మీ డబ్బు హాస్టల్‌కి, పుస్తకాలకి మిగులుతుంది. తల్లిదండ్రులు ఊళ్లో లేక కాగితాలు ఆగిపోతుంటాయి, వాళ్లు పండక్కి వచ్చినప్పుడే సచివాలయానికి తీసుకెళ్లు.