రెండు వేల నోటులో నిజంగా చిప్ ఉండేదా?

లేదు, 2016 నవంబరులో వచ్చిన 2000 రూపాయల నోటులో చిప్ గానీ జీపీఎస్ గానీ ఎప్పుడూ లేవు. నోటు మధ్యలో మెరిసే సెక్యూరిటీ దారాన్ని చూసి చాలామంది చిప్ అనుకున్నారు. తానున్న చోటు తెలుసుకుని ఆ సమాచారం పంపాలంటే ఏ పరికరానికైనా కరెంటు కావాలి, కాగితం నోటులో అది ఎక్కడిది? నకిలీని పట్టించేవి వేరే ఉన్నాయి.

ఆ దారాన్నే చూడండి. దాని మీద ‘భారత్’, ‘ఆర్‌బీఐ’, ‘2000’ అని ఉంటాయి. నోటును కొంచెం వంచితే ఆకుపచ్చ దారం నీలంగా మారుతుంది. కాంతి పడే కోణాన్ని బట్టి రంగు మారేలా దాన్ని తయారు చేశారు. ఫొటోకాపీకి ఒక్క కోణమే దొరుకుతుంది కాబట్టి అందులో రంగు మారదు. వెలుతురుకు ఎత్తిపడితే గాంధీ వాటర్‌మార్క్ కనిపిస్తుంది. అంచుల్లోని ఉబ్బెత్తు గీతలు చూపులేనివారు తడిమి గుర్తుపట్టడానికి, ఇది నిజంగా మంచి ఏర్పాటు.

ఇంకో అపోహ, 2023 మేలో ఉపసంహరించడంతో ఈ నోటు చెల్లకుండా పోయిందని. చలామణీ నుంచి వెనక్కి తీసుకున్నారంతే, చట్టపరంగా అది రద్దు కాలేదు.