వైరస్ కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు

అమ్మా, మీ తమ్ముడికి ఆరేళ్లుగా రక్తపరీక్షలో హెచ్‌ఐవీ కనిపించడం లేదనీ, నెల్లూరు నుంచి చెన్నైకి ఉద్యోగానికి వచ్చాక హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు మానేస్తానంటున్నాడనీ రాశారు. దయచేసి మాననివ్వకండి.

ఈ వైరస్ తన జన్యుపదార్థాన్ని రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీడీ4 కణాల డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది. అలాంటి కణాల్లో కొన్ని, పాత సూక్ష్మక్రిములను గుర్తుంచుకునే జ్ఞాపక కణాలుగా మారి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. నిద్రలో ఉన్న కణం వైరస్ ప్రోటీన్లను దాదాపుగా తయారుచేయదు కనుక రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టలేదు, కొత్త కణాలకు వైరస్ సోకకుండా అడ్డుకునే మాత్రలు దాన్ని తాకలేవు. ఈ నిద్రాణ కణాల నిల్వ సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. మాత్రలు మానినవారిలో ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే వైరస్ రక్తంలోకి తిరిగి వస్తుంది. అమెరికాలోని మిసిసిపీలో హెచ్‌ఐవీతో పుట్టిన ఒక పాప మందు లేకుండా 27 నెలలు బాగానే ఉన్నాక వైరస్ మళ్లీ బయటపడిందని 2014లో ప్రకటించారు. ఆ వార్త నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మీ తమ్ముడు ఉదాహరణగా చెప్పిన తిమోతీ రే బ్రౌన్ హెచ్‌ఐవీ నయమైన తొలి వ్యక్తి. ఆయనకు ల్యుకేమియా (రక్తక్యాన్సర్) ఉన్నందున 2007లో బెర్లిన్‌లో, హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి వాడుకునే సీసీఆర్5 గ్రాహకం పనిచేయని దాత మూలకణాలను ఎక్కించారు. ప్రాణాపాయం ఉన్న ఆ చికిత్సను క్యాన్సర్ లేనివారికి చేయరు. దాగిన వైరస్‌ను బయటకు రప్పించి నిర్మూలించాలని వొరినోస్టాట్ వంటి మందులతో నిద్రాణ కణాలను లేపి చూశారు. కణాలు లేచాయి గాని నిల్వ తగ్గలేదు.

నెల్లూరు ఏఆర్‌టీ కేంద్రంలో బదిలీ పత్రం తీసుకుంటే తాంబరం ప్రభుత్వ ఛాతీ వైద్యశాలలో మాత్రలు ఉచితంగానే అందుతాయి. ఉన్న మాత్రలు అయిపోకముందే వెళ్లమనండి.