అమెరికాలో నల్లజాతి పిల్లలు కాలేజీలో చేరినా డిగ్రీ పూర్తిచేసేవాళ్ళు ఎందుకు తక్కువ? లోపం ఇంట్లోనా, హైస్కూల్లోనా?

సౌత్ కరోలినాలో ఐ-95 హైవే దగ్గర ఓ పల్లెటూరి హైస్కూల్లో జె-1 వీసా (బయటి దేశాల టీచర్లని కొన్నేళ్ళకి రప్పించుకునేది) మీద లెక్కలు చెప్పాను. మా క్లాసుల్లో దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే. ఇల్లా, స్కూలా అంటే నేను స్కూలనే అంటాను. అందులోనూ అక్కడ ఏ కోర్సులున్నాయి, ఎవరిని దేంట్లో వేస్తున్నారు అన్నదే అసలు సంగతి.

2010లో నాలుగేళ్ళ కాలేజీల్లో చేరినవాళ్ళలో ఆరేళ్ళలోపు పట్టా పుచ్చుకున్నది తెల్లవాళ్ళలో 64 శాతం, నల్లవాళ్ళలో 40 శాతం. సీటు వచ్చాక కూడా ఇంత తేడా. 1999లో అమెరికా విద్యాశాఖ తరఫున క్లిఫర్డ్ అడెల్మన్ చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, హైస్కూల్లో ఆల్జీబ్రా-2 దాటి ఇంకో లెక్కల కోర్సు చేసినవాళ్ళకి డిగ్రీ పూర్తయ్యే అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువ.

మా దగ్గర ఏం జరిగేదో చెప్తాను. ఒకమ్మాయి ఉండేది. బోర్డు మీద క్వాడ్రాటిక్ రాయడం పూర్తయ్యేలోపే కారణాంకాలు చెప్పేసేది. పన్నెండో తరగతికి కోర్సుల షీటు వస్తే అందులో పర్సనల్ ఫైనాన్స్ లెక్కలు పడ్డాయి, అంటే లోన్లు, బడ్జెట్లూ. ఆల్జీబ్రా-2 దాటాక చేయాల్సిన ప్రీ-కాల్‌క్యులస్ సెక్షన్ని చాలినంతమంది లేరని ఎత్తేశారు. పిల్లలకి కోర్సుల సలహా చెప్పే స్కూల్ కౌన్సెలర్ ఒక్కొక్కరికి 250 మంది పిల్లలు మించకూడదని కౌన్సెలర్ల సంఘమే అంటుంది. మా కౌన్సెలర్ ఒక్కావిడే, అంతకన్నా చాలా ఎక్కువమందిని చూసుకోవాలి, పైగా పరీక్షల డ్యూటీలు. ఆ పిల్ల తల్లి కోళ్ళ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. షీటు మార్చమని అడగొచ్చని ఆవిడకి చెప్పినవాళ్ళే లేరు. మన తెలుగువాళ్ళుండే సబర్బుల్లో అయితే, పిల్లాణ్ణి ఆనర్స్‌లో, అంటే పైస్థాయి క్లాసులో, వేయలేదని తెలిసిన రాత్రే ప్రిన్సిపాల్‌కి మెయిల్ వెళ్ళిపోతుంది! (స్కూల్ రేటింగ్ చూశాకే ఇల్లు కొంటాం కదా. ఆ స్కూళ్ళ డబ్బులో పెద్ద వాటా చాలాచోట్ల ఆ ఇళ్ళ పన్నుదే.)

ఏడాదిపాటు ఆల్జీబ్రా ముట్టలేదు కాబట్టి కాలేజీ ప్లేస్‌మెంట్ పరీక్షలో జారింది. రెమీడియల్‌లో, అంటే హైస్కూల్ లెక్కలే మళ్ళీ చెప్పే క్లాసులో, వేశారు. ఫీజు మామూలే, క్రెడిట్లు సున్నా. "ఇదంతా మీరు తొమ్మిదిలో చెప్పిందే" అని మెసేజ్ పెట్టింది. రెండో ఏడు మానేసింది.

ఇలాంటి పేద జిల్లాలే రాష్ట్రం మీద 1993లో కేసు వేశాయి. రాష్ట్రం తన బాధ్యత నెరవేర్చలేదని సౌత్ కరోలినా సుప్రీంకోర్టు తేల్చడానికి 2014 వచ్చింది. 2017లో ఆ కోర్టే పర్యవేక్షణ మానేసింది.

కాలేజీ చేతిలో ఏమీ లేదని కాదు. అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ కొద్దిపాటి ఫీజు బాకీతో చదువు ఆగిపోబోయేవాళ్ళకి చిన్న గ్రాంట్లిచ్చి ఎంతోమందిని నిలబెట్టింది.

మా స్కూల్లో ప్రీ-కాల్‌క్యులస్ మళ్ళీ వచ్చింది, దగ్గర్లోని టెక్నికల్ కాలేజీతో కలిసి. పాఠం అక్కడే, క్రెడిట్ రెండుచోట్లా. కాలేజీవాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. పిల్లల్ని తీసుకెళ్ళే బస్సు కోసమే జిల్లా ఆఫీసుతో ఏడాది కొట్లాడాల్సొచ్చింది.