మ్యాక్రోలో నడవని లైనుకి వార్నింగ్ ఎందుకు?

ప్రశ్న: సీ భాషలో అంకెలు ప్రింట్ చేయడానికి ఒక మ్యాక్రో (కోడ్ ముక్కకి పెట్టుకునే పొట్టి పేరు) రాసుకున్నాను. సైజ్ఆఫ్ (విలువ ఎన్ని బైట్లో చెప్పేది) 8 అయితే లాంగ్ టైపుకి వాడే %ఎల్‌డి, లేకపోతే ఇంట్ టైపుకి వాడే %డి వాడేలా ఇఫ్-ఎల్స్ పెట్టాను. అవుట్‌పుట్ సరిగ్గానే వస్తోంది. కానీ జీసీసీ కంపైలర్‌లో -వాల్ (మరిన్ని వార్నింగ్‌లు చూపే ఆప్షన్) పెడితే మ్యాక్రో వాడిన ప్రతిచోటా ఫార్మాట్ వార్నింగ్! అలాగే యూఇంట్64_టీకి (మైనస్ లేని 64-బిట్ పూర్ణాంకాల టైపు) %ఎల్‌ఎల్‌యూ రాస్తే ఫ్రెండ్ మ్యాక్‌లో ఏమీ అనదు, నా 64-బిట్ లైనక్స్‌లో మాత్రం వార్నింగ్. వీటిని ఆపేదెలా?

జవాబు: మ్యాక్రోని ప్రీప్రాసెసర్ (కంపైల్‌కి ముందు నడిచే దశ) ఉన్నదున్నట్టు కోడ్‌లో పరిచేస్తుంది. మీరు ఇంట్ పంపినా, లాంగ్ పంపినా ఇఫ్, ఎల్స్ రెండూ అక్కడే ఉంటాయి. జీసీసీ ఫార్మాట్‌నీ టైపునీ సరిచూసేది కోడ్‌ని చదివే దశలోనే. నడవని కోడ్‌ని ఆప్టిమైజర్ తీసేసేది ఆ తర్వాత. అందుకే లాంగ్ పంపితే %డి లైను మీద, ఇంట్ పంపితే %ఎల్‌డి లైను మీద వార్నింగ్ వస్తుంది. ఏది పంపినా ఒకటి తప్పదు.

ఆ లైను ఎలాగూ నడవదు కాబట్టి మీరు చెప్పిన వాడకంలో అది ఉత్త హెచ్చరికే. అయినా ప్రాగ్మాతో (కంపైలర్‌కి కోడ్‌లోనే ఇచ్చే సూచన) దాని నోరు నొక్కేయొద్దు. మీ మ్యాక్రోలో అసలు లోపం వేరే ఉంది: సైజు చూసి టైపు చెప్పలేం. డబుల్ కూడా 8 బైట్లే. పొరపాటున డబుల్ పంపారనుకోండి, %ఎల్‌డి లైను నడిచి ఏదో చెత్త అంకె పడుతుంది. వార్నింగ్ ఆపేసి ఉంటే ఆ తప్పు గంటల తరబడి వెతికినా దొరక్కపోవచ్చు.

సీ11లో (సీ భాష 2011 ప్రమాణం) వచ్చిన _జెనరిక్ వాడండి, అది టైపుని బట్టి ఒకదాన్ని ఎంచుకుంటుంది. దానితో ప్రింట్ఎఫ్ కాల్‌ని కాకుండా ఫార్మాట్ స్ట్రింగ్‌ని మాత్రమే ఎంచుకోండి: ఇంట్ అయితే "%డి", లాంగ్ అయితే "%ఎల్‌డి", వాటిని తీసుకునే ప్రింట్ఎఫ్ ఒక్కటే. అప్పుడు జీసీసీ ఎంపికైన స్ట్రింగ్‌నే సరిచూస్తుంది. కొత్త లైను గుర్తుని ప్రతి స్ట్రింగ్ లోపలే రాయండి. _జెనరిక్ పక్కన విడిగా పెడితే అతుక్కోదు, ఎర్రర్ వస్తుంది. డిఫాల్ట్ (ఏ టైపూ కలవకపోతే ఎంచుకునేది) మాత్రం పెట్టకండి. అది లేకపోతే డబుల్ పంపిన చోట ప్రోగ్రామ్ కంపైలే అవదు, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

ఇక రెండోది ఉత్త హెచ్చరిక కాదు. యూఇంట్64_టీ అంటే మీ లైనక్స్‌లో అన్‌సైన్డ్ లాంగ్, మ్యాక్‌లో అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్. రెండూ 64 బిట్లే అయినా సీ లెక్కలో వేర్వేరు టైపులు. ఐఎన్‌టీటైప్స్.హెచ్‌ని కలుపుకుని, % తర్వాత కోట్ మూసి పీఆర్ఐయూ64 రాయండి. సీ99 నుంచీ ఉన్న ఈ మ్యాక్రో ఆ సిస్టమ్‌కి తగిన అక్షరాలను స్ట్రింగ్‌గా తెచ్చి పెడుతుంది, పక్క స్ట్రింగ్‌లతో చక్కగా అతుక్కుంటుంది కూడా.