కాల్ ట్రేస్‌లో ప్రశ్నార్థకాలు

ప్రశ్న: మా లినక్స్ డ్రైవర్ క్రాషయితే కాల్ ట్రేస్‌లో (ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చూపే జాబితాలో) సగం పేర్ల ముందు ప్రశ్నార్థకం వస్తోంది. ఏవి నమ్మాలండీ?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ప్రశ్నార్థకం లేనివి నమ్మండి. ప్రశ్నార్థకం ఉన్నవి స్టాక్‌లో (ఫంక్షన్ కాల్స్ వివరాలు పేర్చుకునే మెమరీలో) కనబడ్డ చిరునామాలే. చాలావరకు అయిపోయిన కాల్స్ వదిలిన చెత్త. అలాగని కొట్టిపారేయకండి, అన్‌వైండర్ (స్టాక్‌ను వెనక్కి చదువుతూ ట్రేస్ కట్టే కెర్నెల్ కోడ్) దారి తప్పితే అసలు కాలర్ వాటిలోనే దొరుకుతుంది.

ఎక్స్86-64 ప్రాసెసర్ అయితే కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఓఆర్‌సీ అన్‌వైండర్ ఎంచుకోండి, 4.14 నుంచి ఉంది. 2–4 ఎంబీ మెమరీ అదనంగా తింటుంది, కానీ ప్రతి ఫంక్షన్‌లో ఫ్రేమ్ పాయింటర్ (స్టాక్‌లో ఆ ఫంక్షన్ భాగాన్ని చూపే రిజిస్టర్) మోయక్కర్లేదు. మా ఓటు దీనికే.

అసలు తంటా చేత్తో రాసిన అసెంబ్లీతోనే. పుష్ చేసింది పాప్ చేయకుండా రిటర్నైతే ఓఆర్‌సీకి కావాల్సిన సమాచారం తయారుచేసే ఆబ్జ్‌టూల్ బిల్డ్‌లోనే వార్నింగ్ ఇస్తుంది. దాన్ని నోరు మూయించకండి. స్టాక్ పాయింటర్‌ను నిజంగానే మార్చాల్సిన చోట స్టాక్ ఎలా ఉందో చెప్పే అన్‌వైండ్ హింట్ మాక్రో పెట్టండి. లేకుంటే ట్రేస్ అక్కడే తెగుతుంది.