ఉతుకు బట్టల మూటలతో వచ్చిన అతిథులు

ప్రశ్న: కిందటి నవంబరులో నేను, మా వారు న్యూజిలాండ్‌లో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి రెండు నెలలు ఉండి వచ్చాము. ఆ దేశపు ఉత్తర భాగంలో, బే ఆఫ్ ఐలాండ్స్ ప్రాంతంలో ఉన్న ఒపువా అనే చిన్న రేవు ఊరికి దగ్గర్లో వాళ్ళ ఇల్లు. ఒకనాడు సాయంత్రం రేవుగట్టు మీద నడుస్తుండగా, తెరచాప పడవలోనే కాపురం ఉంటూ దేశాలు తిరుగుతున్న అరవై ఏళ్ళ దంపతులతో పరిచయమైంది. టోంగా నుంచి అప్పుడే వచ్చారట. మా అల్లుడు భోజనానికి పిలిస్తే, ఆవిడ కాస్త మొహమాటపడుతూనే “మా ఉతుకు బట్టలు తెచ్చుకోవచ్చా?” అని అడిగింది. అన్నట్టే రెండు పెద్ద మూటలతో వచ్చారు, స్నానాలు కూడా మా అమ్మాయి ఇంట్లోనే కానిచ్చారు. నాకు మనసులో కొంచెం చివుక్కుమంది. ఊరివాళ్ళు ఎంతో మంచివాళ్ళని మెచ్చుకుంటూనే, రేవుకు చేరగానే అధికారులు తమ తేనె సీసానూ మిగిలిన ఉల్లిపాయలనూ పట్టుకుపోయారని నవ్వుతూ చెప్పారు. ఇదేమి ఆతిథ్యం? ఏప్రిల్ ఆఖరు దాకా అక్కడే ఉండి, తరువాత ఫిజీకి వెళతారట. తిరగడానికి బయలుదేరినవాళ్ళకు ఆరు నెలల మజిలీ ఎందుకు? అటువంటి పడవలు మన చెన్నైకి ఎందుకు రావు? వాళ్ళు బయలుదేరే వేళకు ఇక్కడ ఆవకాయ రోజులు వస్తాయి కనుక ఒక జాడీ పంపవచ్చునా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీకు చివుక్కుమన్న సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు విషయం అదే. టోంగా నుంచి ఒపువాకు సుమారు 1,000 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 1,850 కిలోమీటర్లు. మన చెన్నైలో జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు అంతకంటే ఎక్కువ దూరంలో ఉన్న ఢిల్లీకి ఒకటిన్నర రోజులో చేరతాడు. తెరచాప పడవ గంటకు 5, 6 నాటికల్ మైళ్ళు, అంటే సైకిలు తొక్కినంత వేగంతో నడుస్తుంది కాబట్టి, గాలి సరిగా లేని రోజులు కూడా కలుపుకుంటే ఆ దంపతులకు ఎనిమిది నుంచి పది రోజులు పట్టి ఉంటుంది. పడవలో ఉన్నది ఇద్దరే. చుక్కానిని యంత్రం చూసుకున్నా, ఎదురు వచ్చే ఓడల కోసం ఎవరో ఒకరు రాత్రంతా మెలకువగా ఉండాలి. మూడేసి గంటలో నాలుగేసి గంటలో వంతులు వేసుకుని కాపలా కాస్తారు, అంటే ఆ పది రోజులూ ఇద్దరిలో ఎవరూ ఒక్క రాత్రి కూడా ఏకధాటిగా నిద్రపోలేదన్నమాట.

ఇక నీళ్ళు. అంతటి పడవల్లో చాలావాటికి ట్యాంకులో కొన్ని వందల లీటర్ల మంచినీళ్ళకు మించి పట్టవు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రం కొందరి దగ్గర ఉన్నా, అది తినే కరెంటు సౌరఫలకాల నుంచో ఇంజను నుంచో రావాలి. 2019 ఎండాకాలంలో లారీ నీళ్ళ కోసం రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వరుసలో పెట్టి, ఒక్కో చెంబు లెక్కపెట్టుకున్న చెన్నైవాసులకు ఈ పొదుపు గురించి నేను వివరించనక్కర లేదు. బట్టలను సముద్రపు నీటిలో జాడించవచ్చు కదా అంటారేమో. ఉప్పు పట్టిన బట్ట ఎంత ఎండబెట్టినా పూర్తిగా ఆరదు, రాత్రి చెమ్మ తగలగానే, వానాకాలంలో మన వంటింటి ఉప్పు డబ్బాలాగా, మళ్ళీ తడి ఊరుతుంది. పక్కబట్టలూ అంతే, తలగడలూ అంతే. అటువంటి పది రోజుల తరువాత వేడినీళ్ళ కుళాయి, వాషింగ్ మెషీను ఉన్న ఇంటికి వెళుతూ మూట తెచ్చుకోవచ్చునా అని అడగడం మర్యాద తెలియక కాదు. పడవలవాళ్ళలో అది దాపరికం లేని చనువు, మీ వాళ్ళను ఆత్మీయులుగా ఎంచుకున్నారనడానికి గుర్తు. ఒక ఊరు మంచిదని వాళ్ళు చెప్పేటప్పుడు అక్కడి కొండలనూ తీరాన్నీ తలచుకుని చెప్పరు. చిరిగిన తెరచాప కుట్టేవాణ్ణి చూపించినవాడు, గ్యాస్ సిలిండరు మరలు దేశానికొక తీరుగా ఉండి అవస్థపడుతుంటే కారులో ఎక్కించుకుని నింపించి తెచ్చినవాడు, అటువంటివాళ్ళు ఉన్న ఊరే వాళ్ళకు మంచి ఊరు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అనే బాపతు మాత్రం వీళ్ళు కారు, మీరు వచ్చేశాక మీ అమ్మాయినీ అల్లుణ్ణీ పడవ మీదికి భోజనానికి పిలిచే ఉంటారు, కనుక్కోండి.

తేనె సీసా విషయంలో అధికారులను తప్పు పట్టలేము. విదేశం నుంచి వచ్చిన పడవ పసుపుపచ్చ జెండా ఎగరవేసి, ఒపువా మరీనాలో, అంటే ఇటువంటి పడవలు కట్టుకునే రేవులో, క్వారంటైన్ కోసం విడిగా ఉంచిన గట్టుకు మాత్రమే కట్టుకోవాలి. తనిఖీ పూర్తయ్యే దాకా ఎవరూ ఒడ్డున కాలు పెట్టకూడదు, అంతా సవ్యంగా ఉందన్నాకే ఆ పసుపుపచ్చ జెండా దించుతారు. తేనెతో తేనెటీగల జబ్బులూ, తాజా కూరగాయలతో పురుగులూ తెగుళ్ళూ దిగుతాయని ఆ దేశానికి భయం. పాడితోను, పండ్లతోటలతోను బతికే దీవుల దేశానికి ఆ భయం సహజమే. పడవ అడుగున అంటుకున్న నాచును, గుల్లలను కూడా 2018 నుంచి పట్టించుకుంటున్నారు. అనుభవమున్నవాళ్ళు చివరి రెండు రోజుల్లో మిగిలిన ఉల్లిపాయలన్నీ వండేసుకుని వస్తారు, మీ స్నేహితులు లెక్క కాస్త తప్పారంతే.

ఆరు నెలల మజిలీని నిర్ణయించింది వాళ్ళు కారు, తుపానులు. దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానుల కాలం కాబట్టి, టోంగా, ఫిజీ వైపు తిరిగే పడవల్లో చాలా భాగం ఆ లోగా దక్షిణానికి దిగి న్యూజిలాండ్ చేరతాయి. ఆ నెలల్లో ఉష్ణమండలంలో ఉంటే నష్టపరిహారం ఇవ్వబోమని షరతు పెట్టే బీమా కంపెనీలు కూడా ఉన్నాయి. ఆగినన్నాళ్ళూ విశ్రాంతి అనుకునేరు, అసలు చాకిరీ అంతా అప్పుడే. పడవను నీళ్ళలోంచి పైకి ఎత్తించి, అడుగు గీకి, గుల్లలు పట్టకుండా రంగు వేయాలి. తెరచాపలో ముందుగా పాడయ్యేది గుడ్డ కాదు, కుట్టు దారం. ఎండకు దారం పెళుసెక్కి, చేత్తో లాగితే పుటుక్కున తెగుతుంది. ఆ కుట్లన్నీ మళ్ళీ వేయించాలి. మీరు అడగలేదు గాని, మన తెలుగు ఆడపిల్లలు కూడా ఈ చాకిరీ ఎరిగినవాళ్ళే. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ అనే నౌకాదళపు తెరచాప పడవలో బయలుదేరి భూమిని చుట్టి 2018 మేలో తిరిగివచ్చిన ఆరుగురు అధికారిణులలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. వాళ్ళు ఆగిన రేవులలో న్యూజిలాండ్‌లోని లిటెల్టన్ ఒకటి, అదీ చిన్న ఊరే.

చెన్నైకి ఎందుకు రావంటే, ఇక్కడ ప్రకృతి ఇచ్చిన రేవు లేదు. తిన్నని తీరానికి రాతికట్టలు వేసి కట్టుకున్న రేవు మనది, 1881 నవంబరు తుపాను ఆ కట్టలను కూడా దెబ్బతీసింది. లోపల సరుకు ఓడలకు చోటు ఉంది గాని, సంసారపు పడవలు కట్టుకునే మరీనా లేదు. థాయ్‌లాండ్ వైపు నుంచి జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈశాన్యపు గాలి పట్టుకుని పడమటికి వచ్చే పడవలు శ్రీలంక మీదుగా పోతాయి, మనదేశంలో ఆగాలనుకుంటే కొచ్చిలోని బోల్గాట్టి మరీనా ఉంది. అలాగని చెన్నైకి తెరచాప కొత్త కాదు. రేవు ఆవరణలోనే ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్‌ను 1911లో సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ స్థాపించారు. మరుసటి ఏడు పోర్ట్ ట్రస్టులో గుమస్తాగా చేరిన రామానుజన్‌కు అండగా నిలిచిన దొర ఆయనే.

ఇక ఆవకాయ. తేనె సీసాను ఆపిన గుమ్మం దగ్గర ఇంట్లో పెట్టిన ఆవకాయకు కూడా గట్టి పరీక్షే ఉంటుంది కాబట్టి, ఇక్కడి నుంచి జాడీ పంపే ఆలోచన మానుకోండి. పైగా గాలి పక్కనుంచి కొట్టినప్పుడు పడవ రోజుల తరబడి ఒక పక్కకు వాలి నడుస్తుంది, మూత సందులోంచి కారే నూనె వాళ్ళ పక్కబట్టలను ఏమి చేస్తుందో ఊహించుకోండి. దానికి బదులు మీ అమ్మాయిని అక్కడే కందిపొడి కొట్టి, బిగుతు మూత డబ్బాలో పోసి ఇవ్వమనండి. సముద్రం కుదుపుతున్నప్పుడు వాళ్ళు కంచాలు వాడరు, పడవతోపాటు ఊగుతూ గిన్నెను నిటారుగా నిలిపే పొయ్యి మీద ఒక్క వంటకమే వండుకుని, లోతు గిన్నెల్లో తింటారు. వేడి అన్నం, కందిపొడి, వెన్న ఆ గిన్నెకు సరిగ్గా సరిపోతాయి. ఫిజీలోనూ తనిఖీ ఉంటుంది కనుక డబ్బా మీద ఏమేమి వేశారో ఇంగ్లీషులో రాసి అంటించాలి, తినుబండారాల పట్టికలో వాళ్ళు దానిని దాచకుండా చూపించాలి. 1903 నుంచి ఈ మద్రాసు రేవులోనే ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిన కూలీలలో తెలుగువాళ్ళూ ఉన్నారు, పప్పు, ఎండుమిరపకాయలు, జీలకర్ర అక్కడి అంగళ్ళలో దొరుకుతాయి. కాబట్టి చేసే విధానం కూడా ఒక కాగితం మీద రాసి డబ్బాతో ఇవ్వమనండి, పెన్సిలుతో రాయమనండి, సిరా అయితే తడికి చెదిరిపోతుంది.