పన్నెండేళ్లు వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: మా బాబుకు 8 ఏళ్లు. నోరు మూస్తే పై ముందు పన్ను ఒకటి కింది పంటి వెనక్కి పోతోంది. ముందు పళ్ల మధ్య సందు కూడా ఉంది. 12 ఏళ్లు వచ్చాక క్లిప్పు వేయిద్దామని ఇంట్లో పెద్దలంటున్నారు. ఆగవచ్చా?

జవాబు: సందు సంగతి వదిలేయండి. ఈ వయసులో అది మామూలే, 11, 12 ఏళ్లకు పై కోరపళ్లు దిగేటప్పుడు చాలావరకు మూసుకుంటుంది. వెనక్కి పోయిన పన్ను విషయంలో మాత్రం ఆగవద్దు. కొరికిన ప్రతిసారీ అది కింది పంటిని ముందుకు తోస్తుంది. దాంతో ఆ పంటి దగ్గర చిగురు కిందికి జారుతుంది, రెండు పళ్లూ అరుగుతాయి. జారిన చిగురు పూర్తిగా పైకి రావడం కష్టం.

కింది దవడ మొత్తం ముందుకు పెరుగుతోందా అన్నది మొదట ఆర్థోడాంటిస్టు (పళ్ల వరస సరిచేసే డాక్టరు) తేల్చాలి. అలా అయితే చికిత్స వేరు. ఒక్క పన్నే వంగి ఉండి, పక్కన చోటుంటే, స్ప్రింగు ఉన్న తీసి పెట్టుకునే ప్లేటు సాధారణంగా సరిపోతుంది. 3, 4 వారాలకోసారి స్ప్రింగు సరిచేస్తారు. ఎక్కువమందికి కొన్ని నెలల్లో పని అయిపోతుంది. పై పన్ను కింది పంటి మీదికి చక్కగా వాలితే ఆ కాటే దాన్ని నిలబెడుతుంది.

చెడేదల్లా వాడకంలోనే. రాత్రి మాత్రమే పెడితే పన్ను కదలదు. వేడినీళ్లతో కడిగితే ప్లేటు వంకరపోతుంది. బడిలో తీస్తే రుమాల్లో చుట్టకుండా డబ్బాలోనే పెట్టమనండి, చాలా ప్లేట్లు పోయేది అక్కడే.